మౌనా లోవా ఆరోహణకథలు: ఒక పరిశీలన

పర్వతములను గూర్చిన గ్రంథములు సామాన్యముగా రెండు తెగలుగా నుండును. ఒకటి కొండను చూపునది. రెండవది కొండ నెక్కినవానిని చూపునది. మన దేశమున కొండ యెక్కుట యనగా చాలమందికి దైవదర్శనమునకు పోవుట. తిరుమల మెట్లెక్కి వచ్చినవాడు తాను కొండను జయించితినని చెప్పుకొనడు, దర్శనమైనదని చెప్పును. పాశ్చాత్య యాత్రాసాహిత్యమున నట్లు కాదు. అచట శిఖరమనునది చేరవలసిన గుఱి. దానిని చేరినవాడు నాయకుడు. అతడు చెప్పినదే కథ. ఈ రెండవ పద్ధతిని తృణీకరించుట నా యుద్దేశము కాదు. దానివలన భూగోళశాస్త్రమునకు కలిగిన లాభము గొప్పది. కాని అట్టి కథలను చదువునపుడు మూట మోసినవాడెవడు, దారి చూపినవాడెవడు, అతడు ఆ కొండను ఏ పేరున పిలిచెను అను ప్రశ్నలను విడువక అడుగుట విమర్శకుని ధర్మము. ఈ ప్రశ్నలకు పరీక్షాస్థలముగా పసిఫిక్ మహాసముద్రమందలి హవాయి ద్వీపముననున్న మౌనా లోవా అను అగ్నిపర్వతమును గూర్చిన మూడు కథనములను ఇందు పరిశీలింపదలచితిని. నేను ఆ పర్వతమును కన్నులార చూచినవాడను కాను. నా పరిచయము గ్రంథములతోడిది మాత్రమే. కనుక ఇది పర్వతమును గూర్చిన తీర్పు కాదు. పుస్తకములను గూర్చిన తీర్పు.

మొదట పర్వతస్వరూపమును కొంత తెలిసికొనక తప్పదు. మౌనా లోవా యను మాటకు హవాయి భాషలో పొడవైన కొండ యని యర్థము. పేరు పెట్టినవారికి ఎత్తుకంటె నిడివియే ముఖ్యముగా తోచినది. అది సత్యమే. సముద్రమట్టమునకు దీని యెత్తు 13,679 అడుగులు; సముద్రగర్భమునుండి లెక్కించినచో ముప్పదివేల అడుగులకు తక్కువ కాదు. అయినను దూరమునుండి చూచువానికి ఇది మహాపర్వతమువలె గోచరింపదు. దీని శిలాద్రవము పలుచనిది. పలుమార్లు పొంగి, దూరముగా ప్రవహించి, పొరపై పొరగా పేరుకొనుటచే కొండ డాలును బోర్లించినట్లు వాలుగా పెరిగినది. కూచియైన కొమ్ము లేదు. పైకి పోయినవానికి కనబడునది శిఖరము కాదు, గొయ్యి. మొకువావెయోవెయో యను ఆ బిలము సుమారు మూడు మైళ్ల పొడవు, ఒకటిన్నర మైలు వెడల్పు, ఆఱువందల అడుగుల లోతు గలది. ఆ పేరులో ఒక ఎఱ్ఱచేప పేరు ఇమిడియున్నది. నిప్పు వన్నెను చేప వన్నెతో పోల్చినవారు సముద్రముతో బ్రతికినవారని వేఱుగ చెప్పనక్కఱలేదు.

కాలినడకన పోవువారికి ఉద్యానవనమువైపునుండి యేర్పడిన దారి 6,662 అడుగుల యెత్తున మొదలగును. తొలినాడు ఏడున్నర మైళ్లు నడచి 10,035 అడుగుల యెత్తుననున్న పూ ఉలావులా అను దిబ్బకడ రాత్రి గడుపుదురు. ఆ పేరునకు ఎఱ్ఱదిబ్బ యని యర్థము. మఱునాడు పదునొకండు మైళ్లకు పైగా నడచినగాని బిలపు అంచున 13,250 అడుగుల యెత్తుననున్న విడిదిగృహము చేరరాదు. దారిలో చాల భాగమున చెట్టు లేదు, నీడ లేదు. నల్లని రాయి, దారి తప్పకుండ పేర్చిన రాళ్లకుప్పలు మాత్రమే గుఱుతులు. ఆ రాయియు రెండు విధములు. నున్నగా త్రాళ్లు పేనినట్లు గట్టిపడినదానిని పాహోయిహోయి యందురు. గరుకుగా పగిలి కత్తులవలె నిలిచినదానిని ఆఆ యందురు. ఈ రెండు హవాయి మాటలను నేడు ప్రపంచమందలి భూగర్భశాస్త్రజ్ఞులందఱును వాడుచున్నారు. పై యెత్తులందు గాలి పలుచన. సముద్రతీరమున దొరకు ప్రాణవాయువులో ఇంచుమించు అయిదింట మూడువంతులే శిఖరమున లభించును. తలనొప్పి, వాంతి, నిద్రలేమి యనునవి అచట సాహసవంతుని, భీరువును సమానముగ బాధించును. ఇట్టి కొండను నాలుగుదినములు నడచుటయే గాని ఒక్క ఊపున ఎక్కి జయధ్వజము నెత్తుటకు వీలులేదు. కొమ్ము లేని కొండకు కథలో కొమ్మును కల్పించుట ఎట్లు? ఆరోహణకర్తలకు ఎదురైన సాహిత్యసమస్య ఇది.

తొలి కథనము ఆర్చిబాల్డ్ మెంజీస్ అను వైద్యుడును వృక్షశాస్త్రజ్ఞుడును అగు స్కాట్లండు దేశీయునిది. కెప్టెన్ వాంకూవర్ ఓడలో వచ్చిన యీతడు 1794 ఫిబ్రవరిలో మౌనా లోవా నెక్కెను. అంతకుముందు పడమటి తీరమునుండి ప్రయత్నించి విఫలుడైనాడు. అపుడు ఆ ద్వీపమునకు ప్రభువైన కమెహమెహా, ఆ వైపు వలదనియు, పడవపై దక్షిణతీరమునకు పోయి అచటినుండి యెక్కవలెననియు సలహా యిచ్చి, తన మనుష్యులను తోడు పంపెను. మెంజీస్ ఆ మాట వినెను. వినుటచేతనే శిఖరము చేరెను. వాయుభారమాపకముతో లెక్కించి అతడు చెప్పిన యెత్తు 13,634 అడుగులు. నేటి లెక్కకు నలువదియైదు అడుగులు మాత్రమే తక్కువ.

మెంజీస్ నడచిన దారి కొత్తది కాదు. ఐనపో యను ఆ దారి హవాయివారికి తరతరములుగా తెలిసినదే. అగ్నిపర్వతము రగులుకొన్నపుడు పేలే దేవతకు కానుకలు సమర్పించుటకై ఆ దారిని పైకి పోవుచుండిరి. నీరెక్కడ దొరకునో, వంటచెఱకెక్కడ దొరకునో, రాత్రి యెక్కడ తల దాచుకొనవలెనో ఆ దారికి ఏర్పాటులు కలవు. కావున పాశ్చాత్యులలో మొదటివాడు మెంజీస్ అనుట సరియే కాని, ఆ కొండకు మొదటివాడనుట సరికాదు. అతని దినచర్యను చదువునపుడు నాకు తోచిన గుణము వినయము. సలహా ఎవరిచ్చిరో చెప్పును. ఎచట ఓడిపోయెనో దాచడు. ఆహారము చాలక శిఖరముకడ బడిన బాధను పెద్దచేసి చెప్పడు. ఈ మంచి కథనము అచ్చులోనికి వచ్చినది 1920లో, హోనొలూలూ నగరమున. వ్రాసిన నూటయిరువదియేండ్లకు పైబడిన పిమ్మట! ముందు వ్రాసినవాడు వెనుక చదువబడుట చేత, ఆరోహణకథ యెట్లుండవలెనో నిర్ణయించు అవకాశము మఱియొకనికి దక్కినది.

ఆ మఱియొకడు చార్లెస్ విల్క్స్. అమెరికా ప్రభుత్వము 1838లో పంపిన నౌకాపరిశోధక బృందమునకు ఈతడు నాయకుడు. భూమ్యాకర్షణమును లోలకముతో కొలుచుటకై మౌనా లోవా శిఖరమున మకాము చేయదలచెను. 1840 డిసెంబరు నడుమ హీలో నుండి బయలుదేఱి, 1841 జనవరి నడుమవఱకు, ఇంచుమించు మూడు వారములు పైన నిలిచెను. ఆ యాత్ర యెంతటిదో అతడే లెక్కలతో తెలిపినాడు. బరువులు మోయువారు రెండువందలమంది. వారి తిండికి పందులు. చామగడ్డలను ఉడికించి దంచి చేసిన ముద్దను మోయుటకు వేఱుగ ఏబదిమంది. ఒక్క లోలకమునకై ఒక ఊరు కదలినది.

విల్క్స్ చేసిన పెద్దతప్పు దారిని గూర్చినది. ఐనపో దారి యుండగా, దానిని కాదని, కిలావేయా బిలముకడనుండి నేరుగా కొండమీదికి సాగెను. ఆ నేరుదారి ఆఆ రాళ్లమీదుగా పోయినది. జోళ్లు చినిగిపోయినవి, నీరు దొరకలేదు, మంచు కురిసినది. సముద్రతీరపు వెచ్చదనమునకు అలవాటుపడిన హవాయి మోతగాండ్రు చాలీచాలని బట్టతో, తెగిన పాదములతో ఆ చలిని భరింపలేకపోయిరి. అనేకులు బరువులు దింపి వెడలిపోయిరి. అపుడు ఓడనుండి నావికులను పిలిపింపవలసి వచ్చెను. గాలికి డేరాలు నిలువక, శిలాఖండములతో గోడలు పేర్చి వాటి మాటున తల దాచుకొనిరి. ఆ గోడలు శిఖరముకడ నేటికిని గుఱుతింపబడుచున్నవి.

ఈ ఘట్టమును విల్క్స్ ఏ దృష్టితో చెప్పెనో చూడుడు. మోతగాండ్ర గోల, వారి గొణుగుడు, వారి అలసత్వము అతనికి విసుగు పుట్టించినవి. అతని వాక్యములలో శ్రమ నావికులది, ధైర్యము అధికారులది, ఫిర్యాదు మోతగాండ్రది. తాను విడిచిన దారియే మోతగాండ్ర కష్టమునకు మూలమను ఆలోచన ఆ వర్ణనలో ప్రధానస్థానము నొందలేదు. పుస్తకమున కర్త ఒకడు, కర్మ అనేకులు.

అయినను, గ్రంథకర్త దాచదలచినదానిని గ్రంథము కొన్నిమార్లు దాచదు. విల్క్స్ లెక్కలు వ్రాయువాడు. పేర్లు కూడ వ్రాయువాడు. పూహానో యను మార్గదర్శకుడు లోగడ డేవిడ్ డగ్లస్ అను వృక్షశాస్త్రజ్ఞునికి తోడుపోయినవాడని చెప్పును. కెయావేయెహూ అను మఱియొకనిని పక్షులు పట్టువాడని పేర్కొనును. హవాయి ప్రభువులు ధరించు ఈకల ఉత్తరీయములకై పక్షులను పట్టువారు అడవులను, ఎగువనేలలను అంగుళమంగుళము ఎఱిగినవారు. మన నల్లమలలో తేనెపట్టుకై తిరుగు చెంచునకు కొండ యెట్లు తెలియునో వారికి ఆ కొండ అట్లు తెలియును. పెద్ద ఓడలు, లోలకములు గల బృందము పొగమంచులో ఆ పక్షులవాని వెంట నడచినదన్న విషయము విల్క్స్ పుస్తకములోనే యున్నది. ఆ రెండు మూడు పేర్లకై నేను ఆ గ్రంథమును క్షమింపగలను. మెంజీస్ మంచితనము కంటె విల్క్స్ లెక్కల పుస్తకము ఒక్కొక్కచోట ఎక్కువ సత్యమును కాపాడినదని ఒప్పుకొనవలసియున్నది. విమర్శలో ఇట్టి చిక్కులు తప్పవు. సౌజన్యము వేఱు, సాక్ష్యము వేఱు.

మూడవ కథనము ఇసబెల్లా బర్డ్ అను ఆంగ్లవనితది. చిన్ననాటినుండి వెన్నునొప్పితో బాధపడుచుండిన యీమె 1873లో హవాయి ద్వీపములకు వచ్చి, గుఱ్ఱమెక్కి కొండలు కోనలు తిరిగి, తన చెల్లెలికి ఉత్తరములు వ్రాసెను. అవి 1875లో గ్రంథముగా వెలువడినవి. 1892లో లండనులోని రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ తొలిసారి స్త్రీలకు సభ్యత్వమిచ్చినపుడు అందులో ఈమె యుండెను. 1873 జూనులో గ్రీన్ అను ఆంగ్లేయుని బృందముతో, కంచరగాడిదలపై ఐనపో వైపునుండి మౌనా లోవా నెక్కి, రగులుచున్న బిలపు అంచున డేరా వేసికొని రాత్రి గడపెను.

కొమ్ము లేని కొండకు కథలో కొమ్మును కనుగొన్నది ఈమెయే. విల్క్స్‌కు శిఖరమనగా పరికరములు నిలిపిన చోటు. బర్డ్‌కు శిఖరమనగా ఆ రాత్రి. చలికి నీరు గడ్డకట్టినది, ఎత్తువలన కలిగిన అస్వస్థత బాధించుచున్నది, తోడివారు నిద్రించుచున్నారు. ఆమె వారిని దాటుకొని డేరా వెలుపలికి వచ్చి, నల్లని బిలమధ్యమున ఎగయుచున్న అగ్నిధారను ఒంటరిగా చూచెను. పర్వతారోహణసాహిత్యమున ఇంతటి ఘట్టములు తఱచుగా లేవు. ఇందు జయము లేదు, దర్శనము కలదు. తిరుమల మెట్లెక్కినవారికి ఈ భావము పరాయిది కాదు. మఱియు ఉత్తరరూపమున వ్రాయుటచే ఆమె వాక్యమునకు ఎదుట ఎల్లపుడును ఒక వినువారు కలరు. నొప్పిని దాచనక్కఱలేదు, గొప్పను చాటనక్కఱలేదు. అలసిన జంతువుల బాధను సైతము ఆమె గమనించినది.

కాని బర్డ్ గ్రంథమునందును లోపములు కలవు. ద్వీపవాసుల సౌజన్యమును మెచ్చుకొనుచునే, వారిని పిల్లలను చూచినట్లు చూచుట ఆమెకు అలవాటు. దారి చూపినవారు ఆమె రచనలో మనుష్యులుగా నిలువరు. వారు ఆ దృశ్యములో భాగముగా కలిసిపోవుదురు. మనస్సును కదలించు గ్రంథము ఇదే. కాని పక్షులు పట్టువాని పేరు కావలెనన్నచో మరల విల్క్స్ కడకే పోవలెను.

ఈ మూడు పుస్తకములకును వెలుపల నాలుగవ కథ యొకటి కలదు. అది మాత్రము గొప్ప గ్రంథముగా వెలువడలేదు. కిలావేయా వైపునుండి మౌనా లోవా శిఖరమునకు పదునెనిమిది మైళ్ల దారిని 1915లో నిర్మించినవారు అమెరికా సైన్యమందలి ఇరువదియైదవ పదాతిదళమునకు చెందిన నల్లజాతి సైనికులు. పూ ఉలావులా కడ తొలి విడిదియు, గుఱ్ఱపుసాలయు వారు కట్టినవే. రాతిని పగులగొట్టి పఱచినవారి చేతులు ఎంత రక్తమోడ్చినవో మనకు ఏ చెల్లెలికి వ్రాసిన ఉత్తరమును తెలుపదు. ఎక్కినవాడు గ్రంథకర్త యగును; దారి వేసినవాడు దారి యగును. ఈ న్యాయము ఒక్క హవాయికే చెందినది కాదు.

ఇచట మన తెలుగు యాత్రాగ్రంథమొకటి జ్ఞప్తికి వచ్చుట సహజము. చెన్నపట్టణమున సుప్రీంకోర్టులో ద్విభాషిగా నుండిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే నెలలో కాశీకి బయలుదేఱి, 1831 సెప్టెంబరులో తిరిగివచ్చిరి. అనగా విల్క్స్ లోలకముతో కొండ యెక్కుటకు పదేండ్లు ముందు. వారి వెంటను పెద్ద పరివారముండెను. పల్లకి మోయు బోయీలుండిరి. వారి దినచర్య స్నేహితునికి వ్రాసిన లేఖలరూపముననే సాగి, వారి మరణానంతరము 1838లో కాశీయాత్రచరిత్రగా అచ్చయినది. వీరాస్వామయ్యగారు సంఘసంస్కర్త కారు. తమకాలపు అంతరములను ప్రశ్నించినవారును కారు. అయినను మజిలీ యెక్కడ, బావినీరు మంచిదా, అంగళ్లలో ఏమి దొరకును, బాట యెట్టిది యని వారు వ్రాసిన తీరును గమనింపుడు. వెనుక రాబోవు యాత్రికుని కాలును తలచుకొని వ్రాసిన వ్రాత యది. ఐనపో దారిలో నీటిచోటులను, వంటచెఱకును గుఱుతుంచుకొన్న హవాయివాని జ్ఞానమునకును, ఈ వ్రాతకును చుట్టరికము కలదు. యాత్రాకథకు మొదటి ప్రయోజనము వెనుకటివానికి దారి చూపుట. తన గొప్ప తరువాతిమాట. ఈ గీటుపై ఉంచి చూచినచో మెంజీస్ నిలుచును. బర్డ్ సగము నిలుచును. విల్క్స్ ఎట్లు పోగూడదో చూపి నిలుచును.

ఇక పేర్లను గూర్చి ఒక్కమాట. విల్క్స్ తన మకామునకు లోలకశిఖరమని ఆంగ్లమున పేరు పెట్టెను. ఆ పేరు నేడు చరిత్రకారులకు తెలియునేగాని నడచువారి నోట లేదు. పూ ఉలావులా అనుమాట మిగిలినది, మొకువావెయోవెయో మిగిలినది, పాహోయిహోయి, ఆఆ అనునవి శాస్త్రమునకే ఎక్కినవి. పేర్లు తమంతట తాము మిగిలినవని తలపరాదు. 1896లో వచ్చిన శాసనము హవాయి పాఠశాలలలో ఆంగ్లమునే బోధనభాషగా చేసినది. ఇంట మాటలాడిన భాష బడిలో నోరు మెదపరాని దైనది. ఒక తరము విన్నది, పలుకలేదు. మఱుతరము విననే లేదు. 1978లో హవాయి భాషకు రాజ్యభాషలలో ఒకటిగా స్థానము లభించినది. 1980 దశకమున తల్లిదండ్రులును ఉపాధ్యాయులును పూనుకొని ఆ భాషలోనే పసిపిల్లలకు బడులు తెఱచిరి. ఆ బడిలో చదివిన బిడ్డకు పూ ఉలావులా అనునది పటముపైని అక్షరముల వరుస కాదు, ఎఱ్ఱదిబ్బ.

ఎఱ్ఱమల, నల్లమల యని పేర్లు పెట్టుకొన్న జాతికి ఈ భేదమును విప్పి చెప్పనక్కఱలేదు. కాని ఈ సంచికను చదువువారిలో పెక్కురు తరతరములుగా తెలుగునేలకు వెలుపల, ఇరుగుపొరుగు భాషల నీడలో కాపురమున్నవారు. మన యిండ్లలో తాతకు తెలిసిన వాగుపేరు, చెట్టుపేరు, వంటపేరు మనుమనికి తెలియుచున్నవా? తెలియనిచో తప్పు పొరుగుభాషది కాదు. వీరాస్వామయ్యగారు చెన్నపట్టణమున కూర్చుండి పలుభాషలతో బ్రతుకుతెఱువు చూచుకొనిరి. తాము నడచిన దారిని మాత్రము తెలుగున వ్రాసికొనిరి. వెలుపల నివసించుట భాషను మఱచుటకు కారణము కానక్కఱలేదనుటకు అంతకంటె సాక్ష్యమేల?

2022 నవంబరు 27న, ముప్పదియెనిమిదేండ్ల తరువాత, మౌనా లోవా మరల పొంగినది. వాయుమండలమందలి అంగారవాయువును 1958 నుండి కొలుచుచున్న పరిశోధనాలయమునకు పోవు మోటారుబాటను శిలాద్రవము కప్పివేసినది. మనుష్యుడు వేసిన దారికి ఆ కొండ యిచ్చు ఆయువు అంతే. మెంజీస్ అడుగుజాడలు లేవు. కంచరగాడిదల జాడలు లేవు. రాళ్లను మోసినవారి జాడలు అసలే లేవు. వ్రాత యొక్కటియే మిగిలినది. కావుననే ఆ వ్రాతలో ఎవరి పేరుండవలెనో అడిగి తెలిసికొనుట వ్యర్థమైన పని కాదు. రేపు మనలో ఎవరైనను కొండ యెక్కి వచ్చి మన సంచికకు యాత్రావృత్తాంతము వ్రాయబూనినచో నేను కోరునది రెండే: మీ మూట మోసినవాని పేరు తెలిసికొని వ్రాయుడు, అతడు ఆ కొండను ఏమని పిలిచెనో అదియు వ్రాయుడు. తక్కిన వర్ణన మీ యిష్టము.